మా అమ్మ పేరున చెల్లిన బొంత

మా చుట్టాల ఇళ్ళలో ఒక బొంత గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. కొండ మీద ఉన్న రోజుల్లో మా అమ్మ కుట్టిందనీ, అరకు లోయంతా అందులో ఉండేదనీ, అలాంటిది మళ్ళీ ఎవరూ కుట్టలేదనీ అంటారు. బొంత గురించి చెప్పేదంతా నిజమే. కుట్టింది మాత్రం మా అమ్మ కాదు, నా భార్య. అమ్మ కుట్టిందని మొదట చెప్పినవాణ్ణి నేను. ఆ మాట సరిదిద్దడానికి ఎన్నో సందర్భాలు వచ్చినా నోరు మెదపనివాణ్ణి కూడా నేనే. ఈ మధ్య చెప్పాను గాని, మా అప్ప (అక్కను మావైపు అలాగే అంటాం) పూర్తిగా నమ్మలేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

మాది ఘాటీ దిగువ రైతు కుటుంబం. అన్నదమ్ముల పంపకంలో నాన్న వాటాకు చవిటి నేల వచ్చింది. ఆయన పంతం పట్టి, అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని కొండెక్కి, డుంబ్రిగుడకు కాస్త ఎడంగా నీళ్ళు పారే గెడ్డ పక్కన కొంత భూమి సాగుకు తీసుకున్నాడు. మళ్ళు కట్టాడు, గడ్డి ఇల్లు వేశాడు, మన్యపు జ్వరం తగిలి పోయాడు. అప్పటికే అప్పకూ చెల్లికీ దిగువనే పెళ్ళిళ్ళయిపోయాయి. తిరిగి వెళ్ళడానికి కింద మాకు ఇల్లు లేదు. అమ్మా నేనూ అక్కడే ఉండిపోయాం. నా భార్య కాపరానికి వచ్చింది ఆ గడ్డి ఇంటికే.

అక్కడి చలి సంగతి దిగువవాళ్ళకు చెబితే నవ్వుతారు. శీతాకాలంలో బాగా పొద్దెక్కేవరకు మంచు కదిలేది కాదు. పశువుల వీపుల మీద తెల్లగా నిలిచేది. కంబళ్ళు సంతకు వచ్చేవి గాని మాలాంటివాళ్ళు కొనగలిగేవి కావు. అందరికీ బొంతే దిక్కు. పాత చీరలూ పంచెలూ పొరలు పొరలుగా పరిచి, ఈ చివరి నుంచి ఆ చివరికి దగ్గర దగ్గరగా దారం నడిపిస్తే బొంత అవుతుంది. ఎన్ని పొరలుంటే అంత వెచ్చన.

ఈ పని విషయంలో మావాళ్ళకు ఒక పట్టింపు ఉంది. పాత గుడ్డల పని ఇంట్లో పెద్దావిడది. కొత్తగా కాపరానికి వచ్చిన పిల్ల చినిగిన గుడ్డలు ముందేసుకుని కూర్చుంటే ఆ ఇంటికి లేమి వస్తుందంటారు. బిడ్డలు పుట్టి, వాళ్ళు కాస్త ఎదిగాకే కోడలు బొంత పట్టాలి. ఊళ్ళో అయితే ఈ పట్టింపు సాగేది, చూసేవాళ్ళు ఉంటారు కాబట్టి. మా ఇల్లు ఒంటరిది. పైగా అమ్మకు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించలేక విసుక్కునేది.

మొదటి చలికాలంలోనే అమ్మ బొంతకు చిరుగు పడింది. అమ్మ పొలం నుంచి వచ్చేసరికి నా భార్య దాన్ని మాసిక వేసి మడత పెట్టింది. అమ్మ విప్పి చూసి వెలుతురులోకి తీసుకెళ్ళింది.

"ఒలే గుంటా, ఏటిది?"

"కన్నం అత్తా. కుట్టేసినాను."

"కన్నమేటి, కోడి కదేటిది?"

"కన్నం మీద కోడిని కూకోబెట్టినాను. ఇంక అది లేస్తే గదా కన్నం కానొచ్చేది."

అమ్మ ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉంది. పట్టింపు సంగతి గుర్తు చేస్తుందేమోనని నేను అనుకున్నాను. ఆవిడ పెట్టె తీసి, నాన్న పంచె ఒకటీ తన పాత చీరలూ తెచ్చి కోడలి ముందు పడేసింది.

పెద్ద బొంత మొదలైంది మన్యంలో తెల్లదొరల మీద పితూరీ నడిచిన రోజుల్లో. పితూరీ మాకు దూరంగా, దక్షిణాన జరిగింది. మా వైపు వచ్చింది దాని నీడ మాత్రమే. ఘాటీ మీద పోలీసులు దిగేవారు, ఎక్కేవారు. బళ్ళు పట్టుకుపోతారన్న భయంతో వర్తకులు కొండెక్కడం తగ్గించారు. సంతలో ఉప్పు కోసం తగువులు జరిగేవి. కొత్త బట్ట కంటికి కనిపించలేదు. ఉన్న పాత బట్టలనే తిప్పి తిప్పి వాడాలి. అప్పటికి మా పెద్దవాడు పాకుతున్నాడు. వాడికీ మాకూ అందరికీ కలిపి ఒక పెద్ద బొంత కావాలంది నా భార్య. వర్షాలకు ముందు పరిచింది. అది పూర్తయ్యేసరికి మళ్ళీ వర్షాలు వచ్చాయి.

అది ఆమె ఎప్పుడు కుట్టేదో చెబితేనే మా ఇల్లు ఎలా నడిచిందో తెలుస్తుంది. కుట్టడానికంటూ ప్రత్యేకంగా పూట ఏమీ ఉండేది కాదు. అంబలి చల్లారేలోపు కొంత, పిల్లవాడు నిద్రపోతే కొంత, వాన పట్టి కలుపు తీయడం ఆగిపోతే ఎక్కువ. వసారాలో గుడ్డ పరిచి మూలల మీద రాళ్ళు పెట్టేది. పిల్లవాడు దాని మీదే పాకేవాడు. వాణ్ణి ఒక చేత్తో పక్కకు జరిపి, వాడు కదిలిన చోట కుట్టేది. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, పాత చీరల అంచుల్లోంచి దారాలు లాగి పుల్లకు చుట్టేది. దానికి చూపు అక్కర్లేదు, వేళ్ళు చాలు. ఆ బొంతలో ఉన్న రంగు దారమంతా అమ్మ లాగిందే. అమ్మ వంతు ఏమిటో కూడా సరిగా చెప్పాలి గదా, అందుకు రాస్తున్నాను.

నా వంతు తిరగలి. చోళ్ళు, అంటే రాగులు, విసరడం ఆడవాళ్ళ పని. మా కులంలో మగవాడు తిరగలి ముందు కూర్చుంటే ఆ కబురు మూడు ఊళ్ళు దాటుతుంది. కాని ఆమె విసరడానికి కూర్చుంటే ఆ పూట కుట్టు ఆగిపోయేది. ఆగిపోతే నాకే ఏదో వెలితిగా ఉండేది. ఒకరోజు ఆమె చేతిలోంచి తిరగలి పిడి తీసుకున్నాను. ఆమె వెళ్ళి సూది అందుకుంది. ఆ తర్వాత అది అలవాటైపోయింది. దారిన ఎవరైనా వస్తున్న అలికిడయితే లేచి పశువుల పాకలోకి వెళ్ళేవాణ్ణి.

బొంత మీద ఏముందో చెబుతాను, ఇప్పుడు దాన్ని మొత్తంగా చూసినవాళ్ళు నలుగురైదుగురే మిగిలారు కాబట్టి. మా ఇంటి వెనక కొండ మీద నిలబడి చూస్తే లోయ ఎలా కనిపిస్తుందో అలా ఉండేది. మెట్టు మెట్టుగా మళ్ళు, వంకర గట్లు. అమ్మ ఆకుపచ్చ చీర ఎన్ని చోట్ల వెలిసిందో అన్ని రకాల పచ్చలు. వలిసె పూల చేలకు మోదుగ పూల రంగులో ముంచిన గుడ్డ. గెడ్డ నాన్న పంచెలోంచి వచ్చింది. దాని మీద తెల్ల దారంతోనే కుట్టింది, దగ్గరికి వెళ్తే గాని నీళ్ళు కదులుతున్నట్టు కనిపించదు. ఒక పక్కన మా ఇల్లు, ఇంకో పక్కన సంత. రాళ్ళకు కరక్కాయ నలుపు. ఆ నలుపు ఎలా వస్తుందో చూపించింది మా పొరుగున ఉండే కొండదొరల ముసలమ్మ. ఇనుప తుక్కు ఆవిడే ఇచ్చింది. ఆవిడ ఒకసారి బొంత మీదికి వంగి, తన ఇల్లు వెతుక్కుని, పశువుల పాక తలుపు అటు కాదు ఇటు అని చెప్పింది. నా భార్య ఆ తలుపు విప్పి మళ్ళీ కుట్టింది.

కింది అంచుకు కొంచెం పైగా థింసా ఆడే ఆడవాళ్ళ వరస. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, బొంత ఈ కొస నుంచి ఆ కొసకు. ముఖాలు లేవు, వంగిన నడుములు మాత్రమే. ఒకే పొడవాటి గుడ్డను మడతలు మడతలుగా పెట్టి ఆ వరసంతా తీసింది. మధ్యలో ఎక్కడా కత్తిరించలేదు. చెయ్యి వదలకూడదు గదా అంది.

బొంత దాదాపు అయిపోయిన రోజుల్లో మా అప్ప అమ్మను చూడడానికి వచ్చింది. దార్లు కుదుటపడ్డాక కొండెక్కడం ఆవిడకు అదే మొదలు. మా అప్ప మనసు మంచిది, నోరు పెద్దది. గుమ్మంలో అడుగు పెడుతూనే నా భార్యను ఎగాదిగా చూసింది.

"ఏటే మరదలా, సేతులింత మెత్తగున్నాయి? సోళ్ళు ఎవులు ఇసురుతన్నారు, మా అమ్మేనా?"

నా భార్య నవ్వి కాళ్ళకు నీళ్ళిచ్చింది. అప్ప వసారాలోకి వచ్చి బొంత చూసింది. కాళ్ళు తుడుచుకోకుండానే దాని పక్కన కూలబడింది. 

"ఒరే తమ్ముడా, ఎవులు కుట్నారిది?"

అమ్మ గెడ్డకు వెళ్ళింది. నా భార్య పొయ్యి దగ్గర, మాకు వినపడేంత దూరంలోనే ఉంది. భార్య కుట్టిందంటే రెండో ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి విసిరిందెవరు అంటుంది. అక్కడి నుంచి నా తిరగలి సంగతి ఘాటీ దిగుతుంది. పెళ్ళిళ్ళలో, పంక్తి భోజనాల్లో నన్ను చూసి మగవాళ్ళు పిడి తిప్పినట్టు చెయ్యి తిప్పుతారు.

"ఇంకెవులు, అమ్మే," అన్నాను.

అదీ జరిగింది. పట్టింపు ఉంది కాబట్టి భార్యను మాట పడకుండా కాపాడానని తర్వాత చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. పాత గుడ్డలు పట్టుకుందని అప్ప రెండు మాటలు అనేది, బొంత చూసి మూడోమాటకు మెచ్చుకునేది. నేను కాపాడుకున్నది నన్నే.

అమ్మ చూపు ఎంత తగ్గిందో తెలియని అప్ప, ఉన్న నాలుగు రోజులూ ఆవిడను పొగిడింది. అమ్మ మొదట అర్థం కాక, తర్వాత అర్థమయ్యీ, నా వైపు చూసి ఊరుకుంది. అప్ప దిగిపోయాక నన్ను పాక దగ్గర పట్టుకుంది.

"నా పేరెందుకు సెప్పినావురా?"

"అప్ప నోరు నీకు తెలీదేటి?"

"తెలీకేం, నానే కదా కన్నాను. ఈసారొస్తే నువ్వే సెప్పాల. నానెలాగ సెప్తాను, కూతురు మురిసిపోతంటే?"

"సెప్తాన్లే."

 మర్నాడు గొడ్లకు కుడితి పెడుతూ నా భార్య అడిగింది.

"నాను కుట్నానంటే నీకేటి తరుగైపోతాది?"

తిరగలి సంగతి చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. "అదా," అని పని చూసుకుంది. ఆ వారంలోనే బొంత మీద మా ఇంటికి కప్పు విప్పేసింది. లోపల తిరగలి, తిరగలి ముందు తలకు తువ్వాలు చుట్టుకుని ఒక చిన్న మనిషి. తియ్యమని బతిమాలాను.

"ఎవులికి తెలుస్తాది? మీ అప్ప సూసినా అత్తే అనుకుంటాది. నువ్వు సెప్పిన మాటకి సరిగ్గానే కుదిరింది గదా."

ఆమె నన్ను ఎత్తిపొడిచింది అంతే. ఇంకెప్పుడూ ఆ మాట తేలేదు. నేనూ మరిచిపోయినట్టే ఉన్నాను. సంతరోజున దిగువ నుంచి వచ్చిన మా ఊరివాళ్ళు 'మీ అమ్మ బొంత' చూస్తామని ఇంటికి వచ్చేవారు. వాళ్ళ ముందు దాన్ని పరిచేవాణ్ణి. అలాంటి తల్లి కొడుకునని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. చెప్పినవాడికే తన అబద్ధం నిజంలా కనిపించడానికి ఎంతోకాలం పట్టదు.

అమ్మ నాలుగైదేళ్ళకు పోయింది. పెద్ద బాధ పడకుండానే, ఒక వేసవిలో. పోయేముందు అప్పకూ చెల్లికీ కబురంపాం. వాళ్ళు వచ్చేసరికి మాట పడిపోయింది. మాట ఉన్న రోజుల్లో అమ్మ ఒకసారి నన్ను అడిగింది, సెప్పినావా అని. ఇంకా లేదన్నాను. సెప్పు అంది.

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. తల్లి పోతే ఆవిడ కట్టిన చీరలు చాకలికి వెళ్తాయి. ఆవిడ చేత్తో కుట్టిన బొంత మాత్రం వెళ్ళదు. దినాలయ్యాక కూతుళ్ళు దాన్ని కోసి పంచుకుంటారు. తమ ఇళ్ళలో పుట్టే బిడ్డలను ఆ ముక్క మీద పడుకోబెడతారు. అమ్మమ్మ చేతి కుట్టు వీపుకు తగిలితే బిడ్డకు ఆయుష్షని నమ్మకం. ఆ పంపకంలో కోడలికి వాటా లేదు. కోసేటప్పుడు గుడ్డ బిగువుగా ఉండేలా రెండో కొస పట్టుకోవడం కోడలి వంతు.

నాకు ఆ పద్ధతి తెలుసు. తెలిసి కూడా అది ఈ బొంతకు వర్తిస్తుందని ఆ రోజు వరకు తట్టలేదంటే ఎవరూ నమ్మరు, కాని అదే నిజం. నా మనసులో అది నా భార్యది కాబట్టి, అమ్మ బొంతలంటే పెట్టెలో ఉన్న రెండు మామూలు బొంతలే అనుకున్నాను. అప్ప లోపలికి వెళ్ళి, ఆ పెద్ద బొంత తెచ్చి వసారాలో పరిచింది.

చెల్లి దాని మీద చెయ్యి వేసి ఏడ్చింది. అప్ప వంగి చూస్తూ, కప్పులేని ఇంటి దగ్గర ఆగింది.

"సూడే సెల్లీ, అమ్మ తన్ను తానే పెట్టుకున్నాది. తిరగలి ముందర కూకుని. ఈ ముక్క నాకు కావాల."

నా భార్య రెండో కొస పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు, బతిమాలుతూ కాదు. నువ్వు చెప్తావా, లేదా అని అడుగుతున్నట్టు చూసింది, అంతే. చుట్టూ చుట్టాలున్నారు. అమ్మ పోయి దినాలు అప్పుడే అయ్యాయి. ఇప్పుడు ఇది అమ్మది కాదంటే ఇద్దరు కూతుళ్ళ చేతుల్లోంచి అమ్మను లాక్కున్నట్టుంటుంది అనుకున్నాను. ఆ ఆలోచన తప్పేం కాదు. కాని దాని వెనక తిరగలి కూడా ఉంది. బొంత మీద ఉన్నది అమ్మ కాదు, నేను అని అంతమందిలో చెప్పాల్సి వస్తుంది.

నేను నోరు విప్పలేదు. అప్ప కత్తెర పెట్టింది. పొరలు మందంగా ఉండడంతో గుడ్డ కష్టంగా తెగింది. నా భార్య కొస బిగించి పట్టుకుంది, వదులైతే వంకరగా తెగుతుందని. కత్తెర మళ్ళ మీదుగా, గెడ్డ మీదుగా, థింసా వరస మధ్యగా వెళ్ళింది. ఇల్లు ఉన్న సగం అప్పకు, సంత ఉన్న సగం చెల్లికి. మడతపెట్టి మూటల్లో పెట్టుకున్నారు. నా భార్య కింద రాలిన దారాలు ఏరి పొయ్యిలో వేసి, అందరికీ వడ్డించడానికి వెళ్ళింది.

ఆ తర్వాత ఆమె బొంతలు కుట్టడం మానలేదు. చలి మానదు గదా. మాకు ఇంకో ఇద్దరు పిల్లలు పుట్టారు, వాళ్ళందరికీ కుట్టింది. కాని వాటి మీద ఏమీ ఉండేది కాదు. తిన్నటి వరసలు, ఈ చివరి నుంచి ఆ చివరికి. బొమ్మలేవని ఒకసారి అడిగాను.

"కప్పుకోడానికి బొమ్మలెందుకు?" అంది.

ఇంకొకటి కూడా రాయాలి, ఇది రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు. దిగువన ఒక పెళ్ళిలో బొంత మాట వచ్చింది. అత్త చేతి పని కోడలికి అబ్బలేదా అని ఎవరో అడిగారు. నేను నవ్వి, "అందరికీ వొస్తాదేటి," అన్నాను. నా భార్య నా వెనకే, తమలపాకుల పళ్ళెం పట్టుకుని ఉంది. పళ్ళెం అందరి ముందూ ఒక్కొక్కరిగా తిప్పింది. నా దగ్గరికి వచ్చినప్పుడు నాకూ ఇచ్చింది.

పోయిన శీతాకాలం అప్ప మళ్ళీ కొండెక్కింది. ఇప్పుడు ఆవిడ నాయనమ్మ. మోకాళ్ళు పట్టేసి మూలుగుతూ వచ్చింది. మూట విప్పి తన వాటా బొంత తీసింది. కోసిన అంచు పోగులు పోగులుగా లేచిపోయింది. మనవడు పీకి పీకి పెట్టడంతో థింసా వరస చివరి మనిషి చెయ్యి గాలిలో వేలాడుతోంది.

"సెల్లి వాటా ఎప్పుడో పోయినాది. ఇల్లు కురిసి సీకిపోతే పారేసినారంట. ఇదొక్కటే మిగిలినాది. మరదలా, ఈ అంచు కొంచెం బాగు సేసి పెట్టు. అమ్మలాగ రాకపోయినా పరవాలేదు, పోగులూడకుండా ఉంటే సాలు."

నా భార్య చెయ్యి చాచింది. నేను అప్పటికి ఏమీ అనుకోలేదు, ఆలోచించి మాట్లాడలేదు.

"అప్పా, అది అమ్మ కుట్టింది కాదు. నీ మరదలే కుట్టింది. తిరగలి ముందర ఉన్నది అమ్మ కాదు, నాను."

అప్ప నన్ను చూసి, నా భార్యను చూసి, నవ్వింది.

"పెళ్ళాన్ని మెప్పించడానికి ఇంత వయసులో ఏటి పాట్లురా నీకు?"

మొదటి నుంచి అంతా చెప్పాను. అప్ప నవ్వు ఆగిపోయింది. బొంత ఒళ్ళోకి లాక్కుంది.

"అయితే నా మనవల్ని ఇన్నాళ్ళూ దేనిమీద పడుకోబెట్టినాను?"

 నా భార్య నా మీద విసుక్కుంది.

"సెప్పాల్సినప్పుడు సెప్పలేదు. ఇప్పుడావిడి ఉసురు పోసుకోడానికేటి? అప్పుడు సెప్పుంటే నా బొంత మిగిలేది. ఇప్పుడు సెప్తే ఏటి మిగుల్తాది?" తర్వాత అప్ప వైపు తిరిగి, "గుడ్డంతా అత్తదే వొదినా. పిల్లలకి తగిలింది అదే. ఇటియ్యి," అంది.

అప్ప ఇవ్వలేదు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. మర్నాడు దిగిపోతూ బొంతను వసారాలో వదిలేసి వెళ్ళింది. మరిచిపోయిందో, వద్దనుకుందో తెలియలేదు.

నా భార్య దాన్ని రెండు మూడు రోజులు ముట్టుకోలేదు. తర్వాత ఉతికి ఆరేసింది. ఆ తర్వాత పాత చీరలు తీసింది. పోగులు లాగి అంచు మడిచి ఊరుకుంటుందనుకున్నాను. అంచుకు కొత్తగా ఒక బారు గుడ్డ పొరలు చేర్చి, వేలాడుతున్న ఆ చేతి పక్కన ఇంకో మనిషిని నిలబెట్టింది. ఆ మనిషి పక్కన ఇంకొకరిని. ఆమెకు ఇప్పుడు చూపు పూర్వంలా లేదు. కుట్లు కొంచెం ఎడంగా పడుతున్నాయి. కాని నడుములు అలాగే వంగాయి, చేతులు అలాగే పెనవేసుకున్నాయి. నేను తిరగలి దగ్గర కూర్చున్నాను. మా పెద్దకోడలు చూసి తల తిప్పుకుని నవ్వుకుంది. నవ్వుకోనిచ్చాను.

వేసవి మొదట్లో అప్ప బొంత కోసం వచ్చింది. కూర్చుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. పాత వరసా కొత్త వరసా కలిసిన చోట వేలు పెట్టి అటూ ఇటూ నడిపించింది. ఒకచోట ఆగింది. మళ్ళీ మొదటి నుంచి నడిపించింది.

"అమ్మ నీకు బాగానే నేర్పినాది," అంది చివరికి.

నేను మాట్లాడబోయాను. నా భార్య కనుసైగతో ఆపింది.

"ఔను వొదినా. నేర్పినాది."

ఇదిగో, ఇది నిజం కాదు. అమ్మకు తిన్నటి వరసలు తప్ప ఏమీ రావు. కోడి మొదలుకుని థింసా దాకా నా భార్య ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అప్ప కోసం ఆమె ఒప్పుకున్న మాట అది. ఒప్పుకునే హక్కు ఆమెకుంది, నాకు లేదు. మా మేనకోడళ్ళు, వాళ్ళ పిల్లలు ఇది చదివితే ఏది ఎవరిదో తెలుసుకోవాలని రాస్తున్నాను.

వెళ్ళేముందు అప్ప గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ అంది.

"మా సిన్నదానికి నెల తప్పినాది. దానికొకటి కుట్టు. సిన్నదే. అమ్మది కాదు, నీదే కుట్టు."

"పాత సీరలంపు," అంది నా భార్య.

పోయిన వారం సంతకు వచ్చిన బండిలో మూట వచ్చింది. ఇప్పుడు వసారాలో నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఏం కుడుతున్నావని అడిగితే ఇంకా తెలీదంటోంది. మా అప్ప అన్నీ ముదురు రంగు చీరలే పంపిందని, తెలుపు ఒక్కటీ లేదని, ఇలాగైతే తెల్లవారుజాము మంచు దేనితో కుట్టాలని పొద్దుటి నుంచి సణుగుతోంది.